చివర్లో తెలిసే మాటలు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, సముద్రం గాలి తగిలే ఈ మండలాలన్నిటినీ కలిపి ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే జనం నోట ఉద్దానమైందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మధ్య నుంచి వెళ్లినవాళ్లెవరికైనా ఆ పేరు తగినదే అనిపిస్తుంది. కానీ ఇన్నేళ్లుగా ఆ పేరు వినగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. అక్కడి పల్లెల్లో అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా క్రియాటినిన్ అన్న మాట పలుకుతుంది. కొందరి నోట అది క్రియాటిన్ అవుతుంది, కొందరి నోట ఇంకా కురచైపోతుంది. ఎలా పలికినా తన అంకె ఎంతో, ఇంటాయన అంకె ఎంతో ఆమెకు తెలుసు. ఆ చదువు ఆమెకు చావుల వల్ల వచ్చింది.

మిగతా తెలుగునేల మీద కూడా పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా లేదు. కిడ్నీల గురించి మనకు బాగా తెలిసిన మాటలు ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. క్రియాటినిన్ పెరగడం, డయాలసిస్, ఫిస్టులా, కిడ్నీ మార్పిడి. ఇవన్నీ జబ్బు చాలా దూరం నడిచాక వచ్చే మాటలు. దానికి పదేళ్ల ముందే తెలియాల్సిన మాటలు వేరే ఉన్నాయి. అవి రిపోర్టులో ఏదో ఒక మూల అచ్చవుతూనే ఉంటాయి. ఎవరూ చదివి చెప్పరు, మనమూ అడగం. ఆ కాగితం మడిచి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, రాసిన మాత్రలు కొనుక్కుని ఇంటికి వచ్చేస్తాం. ఈ వారం కథనం ఆ ముందు మాటల కోసం.

పదో తరగతిలో చదివిందే

మూత్రపిండాలు, మూత్రనాళాలు, మూత్రాశయం, ప్రసేకం. మన పిల్లలు పదో తరగతి జీవశాస్త్రంలో విసర్జన పాఠం కింద ఈ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకుంటారు. రక్తకేశనాళికా గుచ్ఛం, బౌమన్ గుళిక, హెన్లీ శిక్యం అని నోరు తిరగని పేర్లు కూడా కంఠతా పడతారు. ఆ తర్వాత పదిహేనేళ్లకు నాన్న చేతికి ల్యాబ్ రిపోర్టు వచ్చినప్పుడు, ఆ పాఠమే ఈ కాగితమని వాళ్లకు తట్టదు. పాఠంలోని పేర్లు సంస్కృతంలో ఉంటాయి, రిపోర్టులోవి ఇంగ్లీషులో ఉంటాయి, ఇంట్లో మాట్లాడుకునేది ఈ రెండూ కాని తెలుగు. ఈ మూడింటినీ కలిపే మనిషి లేకపోవడమే అసలు సమస్య అని నేను నమ్ముతున్నాను.

ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లనే సన్నని వడపోత నాళికలు సుమారు 10 లక్షలు ఉంటాయి. గుండె నిమిషానికి పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు ఈ రెంటికే వెళుతుంది. రోజు మొత్తంలో అవి వడగట్టే ద్రవం 180 లీటర్ల దాకా ఉంటుంది. అందులో మనం బయటికి వదిలేది ఒకటిన్నర, రెండు లీటర్లు. మిగతాదంతా నాళికలు వెనక్కి లాగేసుకుంటాయి. పండక్కి ఇల్లు కడిగేటప్పుడు సామానంతా వాకిట్లో పడేసి, పనికొచ్చేవి మాత్రమే ఏరి మళ్లీ లోపల పెట్టుకుంటామే, సరిగ్గా అదే పద్ధతి. చెత్త ఏదో ముందే తెలుసుకుని దాన్ని మాత్రమే తోసేసే యంత్రం కాదిది. అందుకే కొత్తగా పుట్టిన విషాన్ని కూడా కిడ్నీ బయటికి పంపగలుగుతుంది. అదే కారణానికి, రక్తంలో తిరిగే ప్రతి విషమూ దాన్ని తాకి వెళుతుంది.

వడగట్టడమొక్కటే దాని పని అనుకుంటాం. ఎముక మూలుగకు ఎర్ర రక్తకణాలు తయారు చేయమని కబురు పంపే ఎరిత్రోపోయిటిన్ పుట్టేది కిడ్నీలోనే. విటమిన్ డి చివరి మెరుగు దిద్దుకునేది అక్కడే. రక్తపోటును సర్దే రెనిన్ కూడా అక్కడిదే. కిడ్నీ జబ్బు మనిషికి రక్తం తగ్గిపోవడం, ఎముకలు బలహీనపడటం, బీపీ అదుపు తప్పడం వేర్వేరు జబ్బులు కావు. ఈ సంగతి తెలియక ముఖం పాలిపోయిందని టానిక్కులు తాగుతూ నెలలు గడిపేవాళ్లున్నారు.

క్రియాటినిన్ వెనక ఒక భీమవరం మనిషి

క్రియాటినిన్ అసలు కిడ్నీలో పుట్టదు. అది కండరాల్లో పుడుతుంది. కండరం పనిచేయడానికి కావాల్సిన శక్తిని కొంత ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థంలో దాచుకుంటుంది. అది కాలక్రమంలో విరిగి మిగిలే వ్యర్థమే క్రియాటినిన్. కండరాలు రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో దాన్ని రక్తంలోకి వదులుతాయి, కిడ్నీలు ఒకే తీరుగా బయటికి పంపుతాయి. పంపడం మందగిస్తే రక్తంలో పేరుకుంటుంది. ఆ పేరుకున్నదాన్ని కొలిచి కిడ్నీ ఎంత పనిచేస్తోందో అంచనా వేస్తారు.

ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను కండరంలో కనిపెట్టినవాళ్లలో ఒకరు మన తెలుగువాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి రూపొందించారు. ఆ పద్ధతితో కండరాలను పరీక్షిస్తూనే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ ఆనవాలు పట్టారు. అదే కాలంలో బ్రిటన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా వేరే దారిలో అదే పదార్థం దగ్గరికి చేరారు. సుబ్బారావు పేరు చెప్పగానే మందులు గుర్తుచేసుకుంటాం. డయాలసిస్ రోగికి తరచూ చేసే ఫాస్ఫరస్ పరీక్షకు తొలి దారులు వేసినవాళ్లలోనూ ఆయన ఉన్నారన్న సంగతి, మన ఆస్పత్రి గోడల మీద రాసి పెట్టుకోదగ్గది.

క్రియాటినిన్‌ను కొలిచే పద్ధతి అంతకంటే పాతది. 1886లో మాక్స్ యాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త, క్షారంలో పిక్రిక్ ఆమ్లం కలిపితే క్రియాటినిన్ నారింజ ఎరుపు రంగుకు తిరుగుతుందని గమనించాడు. ఇప్పటికీ చాలా ల్యాబుల్లో యంత్రం చూసేది ఆ రంగు చిక్కదనాన్నే.

అంకె ఒకటే, అర్థాలు రెండు

రిపోర్టులో క్రియాటినిన్ 1.2 అని ఉందనుకుందాం. పక్కనే మామూలు హద్దు 0.6 నుంచి 1.3 అని అచ్చయి ఉంటుంది. హద్దు లోపలే ఉంది కదా అని కాగితం మడిచేస్తాం. ఆ 1.2 పాతికేళ్ల కుర్రవాడిదైతే నిశ్చింతగా మడవవచ్చు. అదే అంకె 65 ఏళ్ల పెద్దావిడదైతే లెక్క మారిపోతుంది. ఆమె ఒంట్లో కండ తక్కువ, పుట్టే క్రియాటినిన్ కూడా తక్కువే. అంత తక్కువ పుడుతున్నా 1.2 దాకా పేరుకుందంటే కిడ్నీలు నెమ్మదించాయన్నమాట.

ఈ తేడాను లెక్కగట్టి చెప్పే అంకె ఇ-జీఎఫ్ఆర్. క్రియాటినిన్‌కు వయసును, ఆడా మగా అన్న సంగతిని జోడించి, కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడగడుతున్నాయో అంచనా కడతారు. 2021లో సవరించిన సూత్రం ప్రకారం ఆ కుర్రవాడి ఇ-జీఎఫ్ఆర్ 86 దాకా వస్తుంది. పెద్దావిడది 50. అంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు మూడో దశ హద్దుల్లో ఆమె ఉండి ఉండవచ్చు. ఆమె చేతిలో ఉన్న కాగితం మాత్రం అంతా మామూలే అంటోంది.

దశలు ఇలా ఉంటాయి. 90 దాటి ఉంటే మొదటిది, 60 నుంచి 89 రెండోది, 30 నుంచి 59 మూడోది, 15 నుంచి 29 నాలుగోది, 15 కంటే దిగితే ఐదోది. మొదటి రెండు దశలను అంకె చూసి మాత్రమే జబ్బు అనరు. మూత్రంలో అల్బుమిన్ పోవడం వంటి మరో ఆనవాలు కూడా ఉండాలి. ఏ దశ అయినా మూడు నెలలకు తగ్గకుండా నిలిచి ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. ఒక్క రిపోర్టుతో ఎవరినీ కిడ్నీ రోగిని చేయకూడదు. ముందు రోజు మాంసం గట్టిగా తిన్నా క్రియాటినిన్ కాస్త ఎగబాకుతుంది. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినా పెరుగుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది. కిడ్నీ పనితనం సగానికి సగం పడిపోయేదాకా క్రియాటినిన్ చాలామందిలో హద్దు దాటదు. అందుకే క్రియాటినిన్ కోసం ఎదురుచూసేవాళ్లకు జబ్బు సగం దారిలోనే కనిపిస్తుంది. నొప్పి కూడా ముందుగా రాదు. నడుం నొప్పి వస్తే కిడ్నీలేమోనని పరుగెత్తేవాళ్లలో ఎక్కువమందిది నడుం నొప్పే. అసలు కిడ్నీ జబ్బు చప్పుడు లేకుండా వస్తుంది.

క్రానిక్, అక్యూట్ అన్న రెండు మాటల దగ్గర చాలా కుటుంబాలు తడబడతాయి. రిపోర్టు మీద క్రానిక్ అని కనిపిస్తే ముదిరిపోయిందనుకుని కుంగిపోతారు. అక్యూట్ అంటే చిన్నదేమో అనుకుంటారు. ఈ రెండు మాటలూ కాలాన్ని చెబుతాయి. నెలలు, ఏళ్ల తరబడి సాగేది క్రానిక్. గంటల్లో, రోజుల్లో విరుచుకుపడేది అక్యూట్. రక్తపింజర కాటు, తీవ్రమైన విరేచనాలు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో దిగినవారికి సోకే లెప్టోస్పైరోసిస్ కిడ్నీలను ఉన్నపళంగా ఆపేయగలవు. ప్రాణం తీయగలవు కూడా. అయితే వేళకు వైద్యం అందితే, నాలుగైదుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చినా, చాలామందిలో కిడ్నీలు మళ్లీ కోలుకుంటాయి. పాము కాటు మనిషికి డయాలసిస్ అనగానే ఇక జీవితాంతం ఇంతేనని భయపడి ఇంటికి తీసుకుపోవడం కంటే పెద్ద అన్యాయం లేదు.

చెంచాలో దొరికిన జబ్బు

ముందుగా తెలియాల్సిన మాటల్లో మొదటిది అల్బుమిన్. ఇది రక్తంలో ఉండాల్సిన మాంసకృత్తు. కిడ్నీలోని జల్లెడ ఆరోగ్యంగా ఉంటే మూత్రంలోకి దాదాపు రాదు. జల్లెడ దెబ్బతిన్న తొలిరోజుల్లోనే కారడం మొదలవుతుంది. క్రియాటినిన్ ఇంకా నిద్రపోతున్న కాలంలో మేలుకునే గుర్తు ఇది.

లండన్ గైస్ ఆస్పత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. ఒళ్లంతా నీరు పట్టిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద వేడిచేస్తే తెల్లగా గడ్డకట్టేది. ఆ రోగులు చనిపోయాక చూస్తే కిడ్నీలు పాడై ఉండేవి. ఒంటి నీరుకూ, మూత్రంలోని అల్బుమిన్‌కూ, కిడ్నీకీ మధ్య ముడి అలా కనిపించింది. చాలాకాలం ఈ జబ్బును బ్రైట్ జబ్బు అనే పిలిచారు.

ఇప్పుడు ఆ చెంచా స్థానంలో కాగితపు పట్టీ ఉంది. మూత్రంలో ముంచితే నిమిషంలో రంగు మారుతుంది. రిపోర్టులో ఒక ప్లస్, రెండు ప్లస్‌లు అని రాసేది ఆ రంగునే. ఇంకా సున్నితమైనది మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. 30 లోపు ఉంటే నిశ్చింత, 30 నుంచి 300 మధ్య ఉంటే హెచ్చరిక, 300 దాటితే ఆలస్యం చేయకూడదు. షుగరు, బీపీ ఉన్న ప్రతి మనిషీ ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. మన ఊళ్లలో షుగరు ఉన్నవాళ్లను అడిగి చూడండి. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత అన్నది ఠక్కున చెబుతారు. అల్బుమిన్ ఎంత అంటే ఆ పరీక్ష పేరే వినలేదంటారు. ఈ దశలో పట్టుకుంటే బీపీ అదుపుతో, కిడ్నీని కాపాడే మందులతో జబ్బు నడకను ఏళ్ల తరబడి నెమ్మదింపజేయవచ్చు. మూత్రంలో నురగ ఎక్కువగా, ఎంతసేపటికీ చెదరకుండా నిలుస్తుంటే అది కూడా అల్బుమిన్ కబురే కావచ్చు.

స్కానింగ్ కాగితంలో భయపెట్టేవి, భయపడాల్సినవి

పొట్ట స్కానింగ్ రిపోర్టులు మన ఇళ్లలో పుట్టించే భయం ఇంతా అంతా కాదు. కార్టికల్ సిస్ట్ అని చూసి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లున్నారు. సింపుల్ అన్న మాట దాని ముందు ఉంటే, అది కిడ్నీ పై పొరలో ఉన్న నీటి బుడగ. 50 దాటినవాళ్లలో చాలామందికి ఉంటుంది, చాలావరకు దాని జోలికి పోనక్కర్లేదు.

సీఎండీ మెయింటెయిన్డ్ అన్నది మంచి మాట. కిడ్నీ వెలుపలి పొర, లోపలి పొర విడివిడిగా కనిపిస్తున్నాయని అర్థం. ఆ తేడా చెరిగిపోయిందని రాస్తే, కిడ్నీలు తెల్లగా మెరుస్తున్నాయని రాస్తే, సైజు 9 నుంచి 12 సెంటీమీటర్ల మామూలు పొడవు నుంచి కుంచించుకుపోయిందని రాస్తే, అప్పుడు నెఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. షుగరు వల్ల వచ్చే జబ్బులో మాత్రం సైజు మామూలుగానే ఉండి మోసం చేయవచ్చు.

హైడ్రోనెఫ్రోసిస్ అంటే కిందికి దిగాల్సిన మూత్రం ఎక్కడో అడ్డు తగిలి కిడ్నీలోనే నిలవడం, అది ఉబ్బడం. అడ్డం ఏమిటన్నది అసలు ప్రశ్న. రాయి కావచ్చు, పెద్దవయసు మగవాళ్లలో ప్రోస్టేట్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అడ్డం వేళకు తీస్తే కిడ్నీ దక్కుతుంది. ప్రోస్టేట్ పెరిగిన పెద్దలు రాత్రి నాలుగుసార్లు లేవడం వయసు లక్షణమని సరిపెట్టుకుంటారు. మూత్రం పోసి వచ్చాక కూడా సంచిలో ఎంత మిగులుతోందో స్కానింగ్ చెబుతుంది. ఆ మిగులు పెరుగుతుంటే సరిపెట్టుకోవడానికి వీల్లేదు.

రాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. 5 మిల్లీమీటర్ల లోపువి చాలావరకు వాటంతటవే జారిపోతాయి. పాలు మానేస్తే రాళ్లు రావన్న నమ్మకం తప్పు. ఆహారంలో కాల్షియం మామూలుగా ఉండటమే మంచిది. తగ్గించాల్సింది ఉప్పు, పెంచాల్సింది నీళ్లు. ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. రాయి తీశాక మూత్రనాళంలో డీజే స్టెంట్ వేస్తారు. గుండెలో వేసే స్టెంట్ జీవితాంతం ఉంటుంది కాబట్టి ఇదీ అంతేననుకుని ఊరుకునేవాళ్లున్నారు. ఇది తాత్కాలికం. డాక్టరు చెప్పిన గడువుకు, సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు, తీయించేయాలి. మరిచిపోతే దాని చుట్టూ మళ్లీ రాయి కట్టి, ఆ కిడ్నీకే ఎసరు వస్తుంది. తీయించాల్సిన తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోవాలి.

చివర ‘యూరియా’ ఉన్న మాటలు

డాక్టరు చీటీలో హెమటూరియా, డిస్యూరియా, ఒలిగూరియా, నాక్టూరియా లాంటి మాటలు కనిపిస్తాయి. చివరి భాగం అన్నిటికీ ఒకటే, మూత్రం. ముందున్నది ఏం జరుగుతోందో చెబుతుంది: రక్తం పడటం, పోసేటప్పుడు మంట, రోజుకు 400 మిల్లీలీటర్ల కంటే తగ్గిపోవడం, రాత్రిళ్లు లేవాల్సి రావడం. మన ఆయుర్వేదం మంటనూ బాధనూ మూత్రకృచ్ఛ్రమని, బిగదీయడాన్ని మూత్రాఘాతమని, రాయిని అశ్మరి అని ఎప్పుడో విడదీసి చెప్పింది. రాయిని కోసి తీయడం సుశ్రుతుడే వివరించాడు. నొప్పి లేకుండా ఎర్రగా పడే మూత్రం గురించి మాత్రం ఒక హెచ్చరిక. నొప్పి లేదు కదా అని వదిలేయకూడదు. ముఖ్యంగా పొగతాగే అలవాటున్న పెద్దవయసువాళ్లలో అది మూత్రాశయ కేన్సరుకు తొలి గుర్తు కావచ్చు.

ఇన్‌ఫెక్షన్ల దగ్గర ఆడవాళ్ల గురించి ఆగి మాట్లాడాలి. మూత్రం బయటికి వచ్చే గొట్టమైన ప్రసేకం స్త్రీలలో నాలుగు సెంటీమీటర్లే. క్రిములు మూత్రాశయానికి చేరే దారి పొట్టిది. దానికి తోడు మనం కల్పించిన కష్టం ఉంది. బడిలో మరుగుదొడ్డికి తలుపు లేదని, నీళ్లు రావని ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగడం మానేస్తారు. పొలం పనికి వెళ్లే కూలీ, బట్టల దుకాణంలో రోజంతా నిలబడే అమ్మాయి, బందోబస్తులో ఉన్న మహిళా కానిస్టేబులు చేసేదీ అదే. ఈ జబ్బుకు సగం మందు ఫార్మసీలో దొరకదు. శుభ్రమైన మరుగుదొడ్డి కట్టించాల్సినవాళ్ల చేతిలో ఉంది.

రిపోర్టులో పస్ సెల్స్, అంటే చీము కణాలు, నాలుగైదు ఉంటే కంగారు పడనక్కర్లేదు. ప్లెంటీ అని ఉంటే, జ్వరం చలి తోడైతే, మూత్రం కల్చరు చేయించాలి. క్రిములు బాగా పెరిగితే లక్ష కాలనీలు అన్న మాట అందులో కనిపిస్తుంది, ఏ మందుకు లొంగుతుందో కింద పట్టీ ఉంటుంది. ఆ పట్టీ రాకముందే దుకాణంలో అడిగి రెండు రోజులు యాంటీబయాటిక్ వాడి ఆపేయడం వల్లే మందులకు లొంగని క్రిములు పెరుగుతున్నాయి.

పేరు చివర ప్రశ్న

మళ్లీ ఉద్దానం. అక్కడి జబ్బుకు వైద్యులు వాడే పొట్టి పేరు సీకేడీయూ. చివరి యూ అక్షరానికి అర్థం, కారణం తెలియదని. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా వస్తుంది. చాలామందిలో అల్బుమిన్ పెద్దగా కనిపించదు. దెబ్బ జల్లెడకు కాకుండా నాళికలకూ, వాటి చుట్టూ ఉన్న కణజాలానికీ తగులుతుంది. అందువల్ల ముందు చెప్పిన కాగితపు పట్టీ అక్కడ ఒంటరిగా చాలదు, క్రియాటినిన్, ఇ-జీఎఫ్ఆర్ కూడా ఏటా చూడాల్సిందే. శ్రీలంకలో అనురాధపుర, పొలొన్నరువ ప్రాంతాల వరి రైతుల్లో, ఎల్ సాల్వడార్, నికరాగువాల చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. తాగునీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో నీళ్లు లేకుండా చేసే గొడ్డుచాకిరీ, ఒళ్లునొప్పుల మాత్రలు, వంశపారంపర్యం. అనుమానాలన్నీ పరిశోధకుల ముందున్నాయి, ఏదీ ఒంటరిగా రుజువు కాలేదు.

కారణం తేలడానికి ఎంతకాలం పడుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. యూరప్‌లో డాన్యూబ్ ఉపనదుల ఒడ్డు పల్లెల్లో 1950లలో వైద్యులు ఇలాంటి ప్రాంతీయ కిడ్నీ జబ్బును వర్ణించారు. నీళ్లను, మట్టిని, బూజును అనుమానిస్తూ అర్ధశతాబ్దం గడిచింది. చివరికి గోధుమ చేలల్లో మొలిచే ఒక కలుపు మొక్క గింజలు పిండిలో కలిసి, వాటిలోని అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీలను తినేసిందని ఈ శతాబ్దం తొలి దశకంలో గట్టి ఆధారాలు దొరికాయి. ఆ మొక్క కుటుంబానికి చెందినవే మన గాడిదగడపాకు, ఈశ్వరి వేరు. వాటిని పసరుగా, కషాయంగా కడుపులోకి తీసుకునే అలవాటు ఎక్కడున్నా మానుకోవాలి.

ఉద్దానానికి కొన్ని మేళ్లు జరిగాయి. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైంది. హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం, పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఏ ప్రభుత్వం వచ్చినా ఆ పరిశోధన కేంద్రం పూర్తి సిబ్బందితో, ఆగకుండా పనిచేయాలి. పేరు చివరి ఆ అక్షరాన్ని చెరిపేసే పని అక్కడే జరగాలి.

కుర్చీలో నాలుగు గంటలు

డయాలసిస్ అంటే రక్తాన్ని యంత్రంతో వడగట్టడం. నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ పట్టణంలో, 1943లో విలెమ్ కోల్ఫ్ అనే యువ వైద్యుడు సాసేజీలు చుట్టే సెల్లోఫేన్ గొట్టాలతో, వైద్యానికి పనికొచ్చిన మొదటి కృత్రిమ కిడ్నీ కట్టాడు. దాని మీద బతికి బయటపడ్డ మొదటి రోగి 1945లో 67 ఏళ్ల మహిళ. అంతకుముందు దాని మీద పెట్టిన రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు. చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్టులా 1966లో న్యూయార్క్ వైద్యుల ద్వారా వెలుగులోకి వచ్చాకే ఏళ్ల తరబడి డయాలసిస్ సులువైంది.

ఆ ఫిస్టులా వాడకానికి పదునెక్కడానికి వారాలు పడుతుంది. అందుకే డయాలసిస్ తప్పదని తెలిసినప్పుడే చేయించుకోమంటారు. ఇంకా బాగానే ఉన్నానుగా అని వాయిదా వేసినవాళ్లకు, చివరికి అర్ధరాత్రి మెడలో గొట్టం వేయాల్సి వస్తుంది. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టనీయకూడదు, సూది గుచ్చనీయకూడదు, దాని మీద ఒత్తిగిలి పడుకోకూడదు. వేలితో తాకితే సన్నని ప్రకంపన తెలియాలి. అది ఆగితే తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. ప్రయాణంతో కలిపితే ఆ రోజు పోయినట్టే. ఇద్దరి కూలీ పోయినట్టు కూడా, ఎందుకంటే తోడు ఒకరు రావాలి. తాగే నీళ్లకు లెక్క, ఉప్పుకు లెక్క. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు కాబట్టి అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు. ఉద్దానంలో జీవితమంతా కొబ్బరిచెట్లెక్కిన మనిషి తన తోటలో కాసిన బోండాం తాగకూడదు. ఏ వైద్య పుస్తకమూ రాయని బాధ అది.

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే ఒక కవల నుంచి మరో కవలకు కిడ్నీ మార్చి విజయం సాధించినప్పటి నుంచి మార్పిడి అనే మరో దారి తెరుచుకుంది. కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు, పాతవి సాధారణంగా అలాగే ఉంటాయి. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది అమ్మలు, భార్యలు. తీసుకునేవాళ్లలో మాత్రం మగవాళ్లే ఎక్కువ. ఆడమనిషికి కిడ్నీ కావాల్సి వచ్చినప్పుడు ముందుకొచ్చే చేతులు ఎందుకు తగ్గుతున్నాయో ప్రతి కుటుంబం ఆలోచించుకోవాలి.

జబ్బును ఇంత దూరం రానీయకుండా ల్యాబులవారితో, ప్రభుత్వంతో ఒక పని చేయించుకోవడం మన హక్కు. క్రియాటినిన్ అచ్చువేసే ప్రతి కాగితం మీదా ఇ-జీఎఫ్ఆర్ తప్పనిసరిగా ఉండాలి. లెక్క కంప్యూటరే కడుతుంది, అదనంగా రక్తం తీయనక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. దాని కింద, ఆ 65 ఏళ్ల పెద్దావిడ కాగితమైతే, తెలుగులో రెండు వాక్యాలు చాలు: ‘మీ కిడ్నీలు సుమారు సగం సామర్థ్యంతో పనిచేస్తున్నట్టు అంచనా. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించుకుని, మూడు నెలల తర్వాత ఈ పరీక్ష మళ్లీ చేయించుకోండి.’